ఆటగాళ్లను తయారుచేసేది పెంపకమా, కఠోర సాధనా? ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధంగా ముందు చెబుతాను. మీ అమ్మాయికి పదకొండేళ్లు. విజయవాడలో షటిల్ నేర్చుకుంటోంది, ఈ ఏడాది జిల్లా స్థాయి అండర్-13 పోటీలో గెలిచింది. శిక్షకుడు ఇక ఆలస్యం చేయవద్దని, రోజువారీ బడి మాన్పించి ఓపెన్ స్కూల్లో పేరు నమోదు చేయించి, హైదరాబాదులో పూర్తికాల అకాడమీలో చేర్చమని అంటున్నారు. ఆట ముగిశాక మోకాలి కింద నొప్పిగా ఉందని పాప అప్పుడప్పుడూ అంటోందని కూడా రాశారు. ఇంతకూ పెద్ద క్రీడాకారులను తయారుచేసేది ఇంటి పెంపకమా, కఠోర సాధనా, మేము ఎంతవరకు పోవాలి అని అడిగారు.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగానూ, ఆ తర్వాత క్రీడా పాఠశాలలో శిక్షకుడిగానూ పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఈ ప్రశ్నను చాలామంది తల్లిదండ్రుల నోట విన్నాను. నా అభిప్రాయంలో ఈ రెండింటినీ వేరుచేసి, ఏది ఎక్కువ అని అడగడంలోనే చిక్కు ఉంది. ఒక పిల్ల రోజూ ఒకే వేళకు లేచి, నిన్న కుదరని దెబ్బను ఈ రోజు మళ్లీ ప్రయత్నించి, ఓడిపోయిన మర్నాడు కూడా కోర్టుకు వెళ్లగలుగుతోందంటే, ఆ రోజును ఆమె కోసం అలా అమర్చిపెట్టిన మనిషి ఆ ఇంట్లోనో, ఇంటికి దగ్గరలోనో ఒకరు తప్పక ఉంటారు. కష్టపడేది పిల్లే అయినా, ఆ కష్టం ఏళ్ల తరబడి తెగిపోకుండా సాగేలా చూసేది పెంపకం. తల్లిదండ్రుల పని అంతవరకే. అంతకు మించి వారు కోర్టులోకి అడుగుపెట్టినప్పుడు సాధారణంగా మేలు కన్నా కీడే ఎక్కువగా చూశాను.

మన కళ్ల ముందు జరిగిన ఉదాహరణ కాబట్టి పి.వి. సింధు విషయం కొంచెం వివరంగా చెబుతాను. ఆమె తండ్రి రమణ, తల్లి విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో రమణ సభ్యుడు, 2000లో ఆయనకు అర్జున పురస్కారం వచ్చింది. అయిదడుగుల పది అంగుళాల పైచిలుకు ఎత్తు, పొడవైన చేతులు సింధుకు వారి నుంచి వచ్చినవే. దీన్ని పెంపకం ఖాతాలోనూ వేయలేము, సాధన ఖాతాలోనూ వేయలేము. అయితే ఆ ఎత్తు చూసి వారు ఆమెను తమ ఆటలోకి లాగలేదు. ఎనిమిదేళ్ల వయసులో ఆమె రాకెట్టు పట్టుకుంది. మొదట సికింద్రాబాదులో రైల్వే సంస్థ కోర్టుల్లో మెహబూబ్ అలీ దగ్గర ఓనమాలు దిద్దుకుని, తర్వాత గోపీచంద్ శిక్షణలోకి వెళ్లింది. ఇంటి నుంచి శిక్షణ కేంద్రానికి రోజూ రానూపోనూ యాభై కిలోమీటర్లు దాటే ప్రయాణం ఉండేదని అప్పట్లోనే పత్రికలు రాశాయి. పదేళ్ల పిల్ల ఒక్కతే అంత దూరం వెళ్లలేదు కదా. తెల్లవారుజామున నాలుగింటికి ముందే లేచి బండి తీసేవారు, సాయంత్రం తిరిగి వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉంచేవారు, బడిలో పోయిన పాఠాల సంగతి చూసేవారు ఉండాలి. రియో ఒలింపిక్స్‌కు ముందు రమణ ఉద్యోగానికి దీర్ఘకాలం సెలవు పెట్టి ఆమెను శిక్షణకు తీసుకువెళ్లిన సంగతి చాలామందికి తెలిసిందే.

ఆ ఇంట్లో మరొక సంగతి నాకు ఇంతకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. తల్లిదండ్రులు స్వయంగా పెద్ద పోటీల్లో ఆడినవారు కావడం వల్ల, ఓటమి అంటే ఏమిటో వారికి ముందే తెలుసు. సింధు 2016 రియో ఫైనల్లో మొదటి గేమ్ 21-19తో గెలిచి కూడా కరోలినా మారిన్ చేతిలో ఓడిపోయింది. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో గ్లాస్గోలో నొజోమి ఒకుహరతో 110 నిమిషాలు పోరాడి మూడో గేమ్‌ను 20-22తో చేజార్చుకుంది. 2018లో కామన్వెల్త్ క్రీడలు, ప్రపంచ చాంపియన్‌షిప్, ఆసియా క్రీడలు, మూడింటిలోనూ ఫైనల్ దాకా వచ్చి వెనుదిరిగింది. ఫైనల్లో ఆమెకు భయమని, గెలవడం చేతకాదని దేశమంతా మాట్లాడుకుంటున్న రోజులవి. 2019లో బాజెల్‌లో అదే ఒకుహరను 21-7, 21-7 తేడాతో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఆ మధ్య మూడేళ్లూ ఒక యువతి రోజూ అదే వేళకు సాధనకు వెళ్లగలిగిందంటే, ఇంటికి వచ్చాక ఆమెకు పెద్దగా సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం లేకపోయి ఉండాలని నేను ఊహిస్తున్నాను. ఓడిన రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందన్నది ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండదు. కానీ నేను చూసిన పిల్లల్లో ఎక్కువ మంది ఆట మానేసింది సాధన కష్టం భరించలేక కాదు, ఓడి ఇంటికి వెళ్లాలంటే భయం వేసి.

అలాగని పెంపకం అంటే ముద్దు చేయడం కాదు. రియోకు ముందు కొన్ని నెలల పాటు సింధు ఫోన్‌ను గోపీచంద్ తన దగ్గరే ఉంచుకున్నారు, ఇష్టమైన ఐస్‌క్రీము తిననివ్వలేదు. ఆ కట్టడికి తల్లిదండ్రులు అడ్డుపడలేదు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ కోర్టు బయట నిలబడి శిక్షకుడికి సలహాలిచ్చే తండ్రులను, ఆయన వద్దన్న తిండిని చాటుగా డబ్బాలో పెట్టి పంపే తల్లులను చూసినవారికి దాని విలువ అర్థమవుతుంది. ఎప్పుడు ఆడాలి, ఎలా ఆడాలి అన్నది శిక్షకుడి పరిధి. ఎందుకు ఆడుతున్నామన్నది ఇంటి పరిధి. ఈ గీత చెరిగిపోయిన చోట పిల్లకు ఇద్దరు శిక్షకులు మిగులుతారు, తల్లిదండ్రులు మిగలరు.

తండ్రే శిక్షకుడైనా విజయం సాధించిన సందర్భాలు లేకపోలేదు. కోనేరు హంపికి చదరంగం నేర్పింది తండ్రి అశోక్. ఆయన అధ్యాపక ఉద్యోగం వదులుకుని కూతురి ఆటకే అంకితమయ్యారు. 2002లో పదిహేనేళ్ల వయసులో ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యింది, 2019లోనూ 2024లోనూ ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ విజేతగా నిలిచింది. అయితే ఆయన స్వయంగా బలమైన చదరంగ క్రీడాకారుడు అన్న సంగతి మరచిపోకూడదు. ఈ కథ విని ఉద్యోగం మానేసిన తండ్రులు కొందరు నాకు తెలుసు. ఆటలో అంతటి పరిజ్ఞానం లేని చోట, ఆ త్యాగం పిల్ల నెత్తిన అప్పుగా కూర్చుంటుంది. ప్రతి మ్యాచ్‌లోనూ ఆమె ఆ అప్పు తీర్చడానికే ఆడుతుంది.

డబ్బు, క్రీడా నేపథ్యం రెండూ ఉన్న ఇళ్ల సంగతి ఇదైతే, ఏమీ లేని ఇళ్లలో పెంపకం ఏ రూపంలో ఉంటుందని మీరు అడగవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. ఆడపిల్లలు బరువులెత్తడమేమిటని ఊరంతా అనే కాలంలో ఆ ఇంటి నుంచి అక్కాచెల్లెళ్లు వ్యాయామశాలకు వెళ్లారు, నీలంశెట్టి అప్పన్న దగ్గర నేర్చుకున్నారు. ఆ ఇల్లు ఆమెకు ఇచ్చిన పెద్ద ఆస్తి, ఊరి మాటలను గుమ్మం దాటి లోపలికి రానివ్వకపోవడమే. 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో రెండు పద్ధతుల్లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. స్వర్ణం గెలిచిన క్రీడాకారిణి ఎత్తింది 242.5 కిలోలు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే.

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా ఆటలు ఆడినవారు. నలుగురు కూతుళ్లున్న ఇంట్లో ఒక అమ్మాయి నిక్కరు వేసుకుని రింగులోకి దిగుతుంటే బంధువులు అన్న మాటలకు ఎదురు నిలిచింది ఆయనే. 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయిన నిఖత్‌కు పెద్దల విభాగంలో అదే స్థాయికి రావడానికి పదకొండేళ్లు పట్టింది. మధ్యలో 2017లో భుజానికి గాయమైంది, 2019 చివర మేరీ కోమ్‌తో జరిగిన ఎంపిక పోటీలో ఓడిపోయింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ స్వర్ణం, మరుసటి ఏడాది న్యూఢిల్లీలో రెండోది వచ్చాయి. పదకొండేళ్లు అన్నది మీ అమ్మాయి ఇప్పటి వయసు అని గుర్తుంచుకోండి.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవంజి తల్లిదండ్రులు కూలి పని చేసుకునేవారు. పాపకు మేధోపరమైన వైకల్యం ఉండటంతో ఊళ్లో ఎన్నో మాటలు పడ్డారు. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామోపాధ్యాయుడు, ఆ తర్వాత చేయి పట్టుకున్నది శిక్షకుడు నాగపురి రమేష్. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఇక్కడ తల్లిదండ్రులకు శిక్షణ గురించి ఏమీ తెలియదు, తెలియవలసిన పని కూడా లేదు. పిల్లను నమ్మి పరాయి ఊరికి పంపగలిగారు. మా వృత్తివాడిని కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే, ఈ ఒక్క మాట చెప్పక తప్పదు: పల్లెల్లో పెంపకంలో సగం వాటా బడిలోని పి.ఇ.టి.ది. ఆ పోస్టు ఖాళీగా ఉన్న బడిలో ఎందరు దీప్తులు ఎవరికీ కనబడకుండా పోయారో లెక్కించే మార్గం లేదు.

ఇక సాధన సంగతి. కష్టం అనగానే గంటలు లెక్కపెట్టే అలవాటు మనలో బాగా పాతుకుపోయింది. పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారన్న మాట మీరూ వినే ఉంటారు. దాని మూలం 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం. అందులో మేటి విద్యార్థులు ఇరవై ఏళ్లకు సగటున అన్ని గంటలు ఏకాంత సాధన చేసి ఉన్నారని తేలింది. అది సగటు మాత్రమే, హామీ కాదు. పైగా ఎరిక్సన్ మాట్లాడింది ఊరికే గంటలు గడపడం గురించి కాదు. తనకు రాని అంశాన్ని ఎంచుకుని, తప్పును వెంటనే ఎత్తిచూపే గురువు ముందు, పూర్తి ఏకాగ్రతతో చేసే సాధన గురించి. 2016లో బ్రూక్ మాక్‌నమారా బృందం క్రీడల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, ఆటగాళ్ల ప్రతిభలో కనిపించే తేడాల్లో ఇలాంటి సాధన వివరించగలిగింది సుమారు 18 శాతమని, అత్యున్నత స్థాయి క్రీడాకారుల మధ్య చూస్తే అది ఒక శాతానికి పడిపోయిందని తేలింది. సాధన అక్కర్లేదని దీని అర్థం కాదు. ఆ స్థాయికి చేరినవారంతా విపరీతంగా సాధన చేసినవారే కాబట్టి, అక్కడ ఒకరిని మరొకరి నుంచి వేరు చేసేది వేరే ఏదో అయి ఉంటుందని మాత్రమే. శరీర నిర్మాణం, గాయాల నుంచి తప్పించుకోగలగడం, సరైన సమయానికి సరైన గురువు దొరకడం, కొంత అదృష్టం కూడా.

మంచి సాధన ఎలా ఉంటుందో చూడాలంటే విశాఖపట్నం జ్యోతి యర్రాజి ఆడే ఆటను గమనించండి. 100 మీటర్ల హర్డిల్స్ పరుగులో దూకి దాటవలసిన అడ్డు చట్రాలు, అంటే హర్డిల్స్, పది ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు, రెండింటి మధ్య దూరం ఎనిమిదిన్నర మీటర్లు. ఆ దూరాన్ని సరిగ్గా మూడు అంగల్లో దాటాలి. ఎక్కువ వేగంతో వస్తే హర్డిల్‌కు మరీ దగ్గరగా వచ్చేస్తారు, తగ్గితే అందుకోలేరు. ఇందులో ఊపిరి ఆడనంతగా పరుగులు తీయించడం వల్ల ఒరిగేది కొంతే; ఒక్క అంగను కొన్ని సెంటీమీటర్లు సవరించడానికి నెలలు పడుతుంది. జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పనిచేసి ఇల్లు నడిపిన మనిషి. 2020లో ఒక విశ్వవిద్యాలయ పోటీలో 13.03 సెకన్లలో పరుగెత్తినా, డోపింగ్ పరీక్ష జరగలేదన్న కారణం కూడా తోడై అది జాతీయ రికార్డుగా నమోదు కాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 సాధిస్తే, వెనుక నుంచి తోసే గాలి వేగం అనుమతించిన సెకనుకు 2.0 మీటర్లకు బదులు 2.1 ఉందని మళ్లీ లెక్కలోకి రాలేదు. మే నెలలో సైప్రస్‌లో 13.23తో, ఇరవై ఏళ్ల నాటి 13.38 రికార్డును ఎవరూ కాదనలేని విధంగా తుడిచివేసింది. ఆ తర్వాత 13 సెకన్ల లోపుకు వచ్చింది, పారిస్ ఒలింపిక్స్‌లో ఈ అంశంలో పోటీపడిన తొలి భారతీయ మహిళ అయింది. స్వయంగా సాధించినది రెండుసార్లు కాగితం మీదికి ఎక్కకపోయినా మర్నాడు మళ్లీ మొదటి హర్డిల్ దగ్గరికి వెళ్లడాన్ని నేను కష్టం అంటాను.

మీ శిక్షకుడి సలహా దగ్గరికి వస్తాను. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు తరచూ అంటారు. వేళకు లేవడం, పెద్దల మాట వినడం, ఆటలో మోసం చేయకపోవడం లాంటి అలవాట్ల విషయంలో ఆ మాట నిజమే. పదకొండేళ్ల పిల్లను ఒకే ఆటకు కట్టివేయడానికి మాత్రం దాన్ని సాక్ష్యంగా తేవడం సరికాదు. 2021లో ఆర్నె గ్యులిష్, మాక్‌నమారా, హాంబ్రిక్ కలిసి 6,096 మంది క్రీడాకారుల వివరాలను పరిశీలించారు. వారిలో 772 మంది ప్రపంచ అత్యున్నత స్థాయికి చెందినవారు. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవారు, జాతీయ స్థాయిలో ఆగిపోయినవారితో పోలిస్తే, చిన్నతనంలో ఎక్కువ ఆటలు ఆడారు, తమ ప్రధాన క్రీడను ఆలస్యంగా మొదలుపెట్టారు, తొలినాళ్లలో నెమ్మదిగా ఎదిగారు. జూనియర్ విభాగంలో మెరిసినవారి విషయంలో సరిగ్గా దీనికి విరుద్ధంగా కనిపించింది. అంటే అండర్-13లో గెలిపించే దారి, ఇరవై ఏళ్లకు గెలిపించే దారి ఒకటే కానక్కర్లేదు. బ్యాడ్మింటన్‌లో మణికట్టు నైపుణ్యం చిన్నప్పుడే పట్టుబడాలన్న వాదనలో కొంత నిజముంది, కాబట్టి ఈ ఫలితాన్ని అక్షరాలా అన్వయించమని నేను అనను. అయినా అండర్-13 విజయాల్లో శరీరం ముందుగా ఎదగడం పాత్ర చాలా ఉంటుంది. ఆ విభాగంలో పుట్టినతేదీలు మార్చి, వయసు తగ్గించి ఆడించేవారు ఉన్నారన్నదీ రహస్యమేమీ కాదు. జిల్లా విజయం సంతోషించదగినదే కానీ, దాని ఆధారంగా ఇల్లు మారేంత నిర్ణయం తీసుకోకూడదు.

గోపీచంద్ శిక్షణలో ఎదిగినవారే ఒకే వయసులో చేరలేదు. సింధు చిన్న వయసులోనే వెళ్లింది. అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్ వ్యాయామోపాధ్యాయుడైన తండ్రి నీడలో సొంత ఊళ్లో ఆడుకుని, 2014లో పదమూడు పద్నాలుగేళ్ల వయసులో చేరాడు. గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్ యుక్తవయసులో వచ్చి, చాలాకాలం జంట విభాగాల్లో ఆడుతూ ఉంటే, గోపీచందే అతన్ని సింగిల్స్ వైపు మళ్లించారు. 2014లో చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను ఓడించి, 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఇక గోపీచంద్ విషయానికే వస్తే, 1994లో మోకాలి స్నాయువు తెగి, ఆట ముగిసిందని అందరూ అనుకున్నాక, ఇరవై ఏడేళ్ల వయసులో, 2001లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. తొందరపడనివారికే విజయం అని ఈ ఉదాహరణలు రుజువు చేయవు. కానీ ఈ ఏడాది చేర్చకపోతే పుణ్యకాలం దాటిపోతుందన్న బెదిరింపు మాత్రం నిజం కాదని రుజువు చేస్తాయి.

మరొక సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. పైన నేను చెప్పిన పేర్లన్నీ గెలిచినవారివి. అదే నాలుగు గంటలకు లేచి, అదే తండ్రి స్కూటరు మీద అదే దూరం వెళ్లి, ఏ పతకమూ లేకుండా ఇరవై ఏళ్లకు ఆట వదిలేసినవారు వేలల్లో ఉన్నారు. వారి గురించి ఎవరూ రాయరు. వారి పెంపకంలో లోపం లేదు, కష్టంలోనూ లోపం లేదు. కాబట్టి మీరు తీసుకునే నిర్ణయం, పాప జాతీయ జట్టు దాకా వెళ్లకపోయినా ఆమెకు నష్టం కలగని విధంగా ఉండాలి. పదో తరగతి సక్రమంగా చదివిన పిల్లకు స్పోర్ట్స్ కోటా సీటో, వ్యాయామ విద్యో, మరేదో ఒక దారి దొరుకుతుంది. ఆరో తరగతి నుంచే పుస్తకం మూసేసిన పిల్లకు ఆట ఒక్కటే మిగులుతుంది, అప్పుడు ప్రతి ఓటమీ ప్రాణసంకటమే.

అందుచేత నా సలహా ఇది. మరో రెండేళ్లు విజయవాడలోనే ఉంచండి. బడి మాన్పించవద్దు. వారంలో ఒకటి రెండు రోజులు షటిల్ కాకుండా పరుగో, ఈతో, ఖోఖోనో ఆడనివ్వండి. వేసవి సెలవుల్లో హైదరాబాదులో ఒక శిబిరానికి పంపి, మీలో ఒకరు తోడుగా ఉండి, ఆ వాతావరణం ఆమెకు నచ్చిందో లేదో చూడండి. ఆ అకాడమీలో ఒక్కో కోర్టుకు ఎంతమంది పిల్లలను దించుతున్నారు, కొత్తగా వచ్చినవారికి నేర్పేది పెద్ద శిక్షకుడా లేక పాత విద్యార్థులా, ఆడపిల్లల వసతి గృహంలో మహిళా వార్డెన్ ఉన్నారా, పిల్లలు ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, గాయపడితే ఎవరు చూస్తారు, మధ్యలో మానేసిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారు అన్న ప్రశ్నలు వేయండి. చివరి ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పే అకాడమీ అయితే సగం నమ్మవచ్చు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ తొమ్మిది గంటల నిద్ర, గుడ్డు, పప్పు, పాలు, రాగులు, వేరుశనగ లాంటి మామూలు తిండి వేళకు అందేలా చూడండి. ఈ వయసులో పొడులు, డబ్బాల జోలికి పోవద్దు. మ్యాచ్ ముగిశాక ఇంటికి వచ్చే దారిలో ఆట గురించి మీరుగా మాట్లాడవద్దు. ఆమే మొదలుపెడితే వినండి.

ఇక మోకాలి నొప్పి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని భయపడవద్దు. మోకాలి చిప్పకు కాస్త కింద, మోకాలి కింది పెద్ద ఎముక పైభాగంలో బుడిపెలా ఉండే చోట నొక్కితే నొప్పిగా ఉండి, దూకినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఎక్కువవుతుంటే, అది ఆస్‌గుడ్-ష్లాటర్ అనే ఎదుగుదల నొప్పి కావచ్చు. పది నుంచి పదమూడేళ్ల మధ్య వేగంగా ఎత్తు పెరిగే ఆడపిల్లల్లో, ముఖ్యంగా దూకే ఆటలు ఆడేవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఎముక చివర ఇంకా గట్టిపడని భాగాన్ని తొడ కండరం తాలూకు స్నాయువు పదే పదే లాగడం వల్ల వస్తుంది. ఎదుగుదల పూర్తయ్యేసరికి చాలావరకు తగ్గిపోతుంది కానీ, నొప్పి మీదే ఆడిస్తే నెలల తరబడి వేధిస్తుంది. ముందు ఎముకల వైద్యుడికి చూపించండి. నొప్పి తగ్గేవరకు స్మాష్‌లు, దూకే కసరత్తులు ఆపించి, నిలబడి చేసే మణికట్టు సాధన, సర్వీసు, తొడ కండరాలను సాగదీసే వ్యాయామాలు చేయించమని శిక్షకుడిని అడగండి. వారంలో శిక్షణ గంటల సంఖ్య పిల్ల వయసు సంఖ్యను దాటితే గాయాల ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో బాల క్రీడాకారులపై 2015లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. ఆ లెక్కన మీ పాపకు వారానికి పదకొండు గంటలు పరిమితి. ఇప్పుడు ఎన్ని గంటలు ఆడుతోందో ఒక వారం పాటు రాసి చూసుకోండి. అది పదకొండు దాటి ఉంటే, హైదరాబాదు మాట పక్కన పెట్టి, ముందు ఆ గంటలు తగ్గించే విషయం శిక్షకుడితో మాట్లాడండి.